నూనె ఈనిన కారు

తెరలమ్మ కారు పేరు దొరసాని. ఆ పేరు పెట్టింది ఆవిడ భర్త. పొద్దున్నే సెల్ఫ్ కొడితే దొరసాని ఒకసారి దగ్గి ఊరుకుంటుంది. ఇంకోసారి కొడితే మూలుగుతుంది. ఆ పైన బతిమాలితే, "సరే, మీ కర్మ" అన్నట్టు లేస్తుంది. లేచిందంటే మాత్రం పొద్దుగూకే దాకా అలుపన్నది ఎరగదు. మీగడ రంగు ఒళ్ళు, వెనకాల పెట్టెలా పొడుచుకొచ్చిన డిక్కీ, తలుపు మూస్తే ఇనప్పెట్టె మూసినంత గంభీరమైన చప్పుడు. ఈ రోజుల్లో వచ్చే కార్ల తలుపులు అగ్గిపెట్టె మూసినట్టు చప్పుడు చేస్తాయని తెరలమ్మకి చిన్నచూపు.

ఆవిడ అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. కిటికీలకీ గుమ్మాలకీ తెరలు కుట్టి, తనే తీసుకెళ్ళి, తనే నిచ్చెనెక్కి తగిలించి వస్తుంది కాబట్టి తెరలమ్మ. తెరలతో పాటు వాటిని వేలాడదీసే కడ్డీలు కూడా మోసుకెళ్ళాలి. అవి మనిషికి రెట్టింపు పొడుగు. బస్సెక్కితే కడ్డీకి కూడా టిక్కెట్టు తీయమంటారు, పైగా దాని కొస ఎవరి చెవిలో దూరుతుందో చెప్పలేం. దొరసాని వెనక సీటు వీపుని ముందుకి మడిచేస్తే డిక్కీలోంచి ముందు అద్దం దాకా ఒకటే దారి. ఎంత పొడుగు కడ్డీ అయినా అందులో కాళ్ళు చాపుకుని పడుకుంటుంది. ఆవిడ డ్రైవింగు నేర్చుకున్నదీ నెత్తి నెరిశాక, నేర్చుకున్నదీ ఈ కారు మీదే. ఇంకో కారు ఆవిడ చేతికి లొంగదు. దొరసాని లేకపోతే తెరలూ లేవు, తెరలు లేకపోతే తెరలమ్మా లేదు.

భర్త తూనికలు కొలతల ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. జీవితమంతా కొట్లవాళ్ళ తక్కెళ్ళు పట్టి చూసి, సరిగ్గా ఉన్నవాటికి సీసం బిళ్ళతో సీలు వేసిన మనిషి. అందరూ తూకం సారు అంటారు. కంటి ఆపరేషన్ అయ్యాక కారు నడపడం మానేసి పక్క సీట్లోకి మారాడు. "ఎడమ పక్క జానెడు ఖాళీ ఉంది, కుడి పక్క మూరెడు ఉంది" అని దారి పొడుగునా కొలతలు చెబుతుంటాడు.

అల్లుడికి సెల్‌ఫోన్ల షాపు ఉంది. అందుచేత లోకంలో ఏ వస్తువైనా రెండేళ్ళు దాటితే ముసలిదేననీ, ముసలితనానికి మందు అప్‌గ్రేడ్ ఒక్కటేననీ అతని నమ్మకం. అత్తగారి మీద ప్రేమకొద్దీ దొరసానికి ముందు ఓ స్క్రీను బిగించాడు. వెనక్కి వచ్చేటప్పుడు వెనకేముందో అందులో కనిపిస్తుంది. కాకపోతే కడ్డీలు వేసుకున్నప్పుడు వాటి కొసలు సరిగ్గా ఆ స్క్రీనుకే అడ్డం వస్తాయి. దారి చెప్పే ఓ ఆడగొంతు కూడా అందులో ఉంది. "ఎడమకు తిరగండి" అంటుంది. "పుట్టినప్పట్నించీ ఆ సందులో తిరుగుతున్నాను, నువ్వు చెప్పాలా?" అని తెరలమ్మ జవాబిస్తుంది. అదీ చాలక సీట్ల కింద నీలం దీపాలూ, స్టీరింగు చుట్టూ పచ్చ దీపాలూ పెట్టించాడు. లోపల కూర్చుంటే నాటకం స్టేజీ మీద కూర్చున్నట్టుంటుంది.

కొంప ముంచింది ఆ దీపాలే.

ఓ మధ్యాహ్నం తెరలమ్మ కూతుర్ని ఎక్కించుకుని వంతెన మీదుగా వస్తోంది. కూతురు రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. దేన్నయినా వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూసే అలవాటు. వంతెన నడిమధ్యలో దొరసాని గడగడమని చప్పుడు చేసి ఆగిపోయింది. వెనకాల కార్లవాళ్ళు హారన్లు మోగించడం మొదలుపెట్టారు.

"అమ్మా, ఈ ఎర్ర దీపం ఎప్పట్నించి వెలుగుతోంది?"

"ఏదీ, ఆ కూజా బొమ్మదా? చాన్నాళ్ళుగా వెలుగుతోంది."

"చాన్నాళ్ళుగానా! అది ఇంజిన్లో ఆయిల్ లేదని చెప్పే దీపం!"

"నాకేం తెలుసే? మీ ఆయన పెట్టించిన దీపాల్లో అదొకటి కాబోలు, మంచినీళ్ళు తాగమని గుర్తుచేస్తోంది కాబోలు అనుకున్నా. అది వెలిగినప్పుడల్లా సీసా ఎత్తి నీళ్ళు తాగుతూనే ఉన్నా."

కూతురు నుదురు కొట్టుకుంది. ఆ రోజు ఇద్దరూ ఎండలో నిలబడి కారుని తాడు కట్టి లాగించుకుంటూ మెకానిక్ దగ్గరికి చేరారు.

అతన్ని చెవుల మెకానిక్ అంటారు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని రోగం చెబుతాడు. ఆ సమయంలో ఎవరూ దగ్గకూడదు, తుమ్మకూడదు. అందరు డాక్టర్లూ తన దగ్గరే నేర్చుకున్నారన్నంత ధీమా అతనిది. కబురందుకుని తూకం సారూ, అల్లుడూ కూడా వచ్చి చేరారు.

"అక్కా, నీ అదృష్టం బాగుంది, ఇంజిన్ పట్టేయలేదు" అన్నాడు మెకానిక్ కళ్ళు తెరిచి. "పైన మూత కింది రబ్బరు ఎండిపోయి ఆయిలంతా బయటికి కారిపోయింది. రబ్బరు మార్చేస్తా."

"అయితే రోగం కుదిరినట్టేనా?" అన్నాడు తూకం సారు.

"అది ఇప్పుడే చెప్పలేను సార్. బయటికి కారడం ఒక రోగం, లోపల తాగడం ఇంకో రోగం. లోపల రింగులు అరిగితే ఇంజినే ఆయిల్ తాగేస్తుంది."

అల్లుడు ముందుకొచ్చాడు. "చిక్కటి ఆయిల్ పోస్తే తాగడం తగ్గుతుందంటారు కదా?"

"చిల్లు సంచీలోంచి బియ్యం కారిపోతున్నాయని కందులు పోస్తే సంచీ కుట్టినట్టేనా బాబూ?"

"పోనీ ఏదో సీసా మందుందట, అది కలిపితే పాత ఇంజిన్ కొత్తదవుతుందట?"

"ముందు నేను తాగి చూస్తా. నా మోకాళ్ళు బాగుపడితే దీనికీ పోద్దాం."

"ముందు లైట్లు మార్చి తెల్లవి, బాగా వెలుతురొచ్చేవి వేస్తే?"

"వేయించండి. ఆయిల్ కారేది ఇంకా బాగా కనిపిస్తుంది."

తూకం సారు గొంతు సవరించుకున్నాడు. "రేడియేటర్లో కుళాయి నీళ్ళు పోస్తున్నాం, పరవాలేదు కదూ?"

"లోపల తుప్పు పెంచుకోవాలనుంటే పరవాలేదు సార్. కూలెంట్ పోయండి. ఇంకో మాట. టైమింగ్ బెల్టు గురించి అది తెగేదాకా ఎవరూ అడగరు, తెగాక అందరూ అడుగుతారు. మీరిప్పుడే అడిగారనుకుని అదీ మార్చేస్తున్నా."

రబ్బరు మార్చి, బెల్టు మార్చి, ఆయిల్ పోశాడు. ఆయిల్ ఎంతుందో చూసే సన్నటి ఇనప పుల్లని పైకి లాగి చూపించాడు. దాని మీద రెండు గీతలున్నాయి. ఆయిల్ తడి పై గీత దాకా ఉంది.

"నెలాఖరు దాకా నడపండి. ఈలోగా ఎవరూ బానెట్ ఎత్తకండి. అప్పుడు పుల్ల తీసి చూద్దాం. ఇక్కడే ఉంటే దొరసాని బతికినట్టు."

"కిందికి దిగితే?" అంది కూతురు.

"రింగులు పోయినట్టు. ఇంజిన్ విప్పాలి. అంతకంటే అమ్మేసుకోవడం నయం."

ఇంటికొచ్చాక కూతురు తల్లిని కుట్టుమిషను దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ ఇంట్లో ఒట్టంటే మిషను మీద చెయ్యేసి చెప్పేదే. "వంతెన మీద ఈ రోజు నేనున్నాను కాబట్టి సరిపోయింది. నువ్వొక్కదానివే ఉంటే? ఆయిల్ తగ్గిందంటే కారు అమ్మేస్తానని చెయ్యెయ్యి."

"అలాగేనే తల్లీ" అని తెరలమ్మ చెయ్యేసింది. మిషను ఎప్పటికంటే చల్లగా తగిలింది.

సరిగ్గా ఆ వారంలోనే బడి నుంచి కబురొచ్చింది. ఎన్నాళ్ళుగానో అడుగుతున్న పెద్ద పని. బడి హాల్లో స్టేజీకి ముదురెరుపు వెల్వెట్ తెర. ఇన్నాళ్ళూ కిటికీలకి కుట్టిన చేతికి అదో కొండ. ఇది నచ్చితే పక్క తెరలూ, వెనక తెరా కూడా ఆవిడకే ఇస్తామన్నారు. గది నిండా వెల్వెట్ పరుచుకుని, ఎర్ర సముద్రంలో ఈదుతున్నట్టు తెరలమ్మ కుడుతోంది. కుడుతున్నంతసేపూ మనసు మాత్రం బానెట్ కిందే ఉంది.

ఓ సాయంత్రం చిన్న పనికి వెళ్ళొచ్చి కారాపింది. ఆపీ ఆపగానే అటూ ఇటూ చూసింది. వీధిలో ఎవరూ లేరు. మెకానిక్ ఎత్తొద్దన్న బానెట్ ఎత్తి పుల్ల లాగింది. ఆయిల్ తడి కింది గీత దగ్గర ఉంది! డిక్కీలో మిగిలిన ఆయిల్ డబ్బా ఉంది. 'ఎందుకైనా మంచిది' అనుకుని, బుడగ్‌ బుడగ్‌మని పోసేసింది.

'ఆయిల్ తగ్గితే అమ్ముతానని చెయ్యేశాను గానీ, ఆయిల్ పొయ్యనని వెయ్యలేదుగా' అని తనకి తానే తీర్పు చెప్పుకుంది.

పుల్ల తుడిచిన గుడ్డముక్కని ఏం చెయ్యాలో తోచలేదు. తెల్ల తెరలూ ఖరీదైన బట్టలూ ఉండే ఇల్లు కాబట్టి, నూనె గుడ్డ గుమ్మం దాటి లోపలికి రాకూడదని ఆవిడే శాసనం చేసింది. తన శాసనం తనకే అడ్డమొచ్చింది. గుడ్డని ముందు లైటు వెనకాల సందులో కుక్కి బానెట్ మూసేసింది.

ఆ నెలంతా ఇంట్లోవాళ్ళకి కారు మీద ఎక్కడలేని శ్రద్ధ పుట్టుకొచ్చింది. తూకం సారు టైర్లలో గాలి చూసొస్తానని మాటిమాటికీ బయటికి వెళ్ళేవాడు. అల్లుడు స్క్రీనుకి కొత్త అప్‌డేట్ వచ్చిందంటూ రెండుసార్లు వచ్చాడు. కూతురు కూడా ల్యాబు పెట్టె భుజాన వేసుకుని, "ఇటుగా వెళ్తూ వచ్చా" అంటూ వచ్చి, ఫోన్ మాట్లాడాలని కాసేపు కారు దగ్గరే నిలబడింది. దొరసాని పుణ్యాన ఇంటికి మనుషుల రాకపోకలు పెరిగాయని తెరలమ్మ సంబరపడింది.

తెర ఇచ్చే రోజొచ్చింది. కడ్డీలు డిక్కీలోంచి ముందుదాకా పడుకోబెట్టి, వెల్వెట్‌ని పసిబిడ్డలా చాపలో చుట్టి పెట్టి బయల్దేరారు. వీధి మలుపు తిరగ్గానే తూకం సారు ముక్కెగరేశాడు.

"ఏమోయ్, ఏదో కాలుతున్న వాసన."

"ముందు చెత్త లారీ పోతోందండీ, దాని వాసన."

చెత్త లారీ పక్కకి తిరిగిపోయింది. వాసన మాత్రం పోలేదు. బడి గేటు దగ్గరికొచ్చేసరికి వెనక అద్దంలో లోకం కనిపించడం మానేసింది. అంతా నీలంగా, మబ్బు దిగినట్టు పొగ. దొరసాని తోక నుంచి బస్తాలు బస్తాలుగా వస్తోంది. ఆ పొగలోంచి ఆడగొంతు తొణక్కుండా, "మీరు గమ్యానికి చేరుకున్నారు" అంది.

"ఏ గమ్యమో కనుక్కోవోయ్" అన్నాడు తూకం సారు దగ్గుతూ.

బడి కాపలాదారు గేటు పక్కన ఇసక నింపిన ఎర్ర బకెట్లు ఉన్నాయి. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ వాటికి పని తగల్లేదని అతనికి దిగులు. ఇప్పుడు తన రోజొచ్చిందనుకున్నాడు. "కాలిపోతోంది! దిగండమ్మా దిగండి!" అని కేకవేసి, బకెట్ ఎత్తి బానెట్ మీద బోర్లించాడు. రెండో బకెట్ ఎత్తేలోపు తెరలమ్మ తలుపు తోసుకుని దిగింది.

"ఆగవయ్యా బాబూ! లోపల తెరుంది! నన్ను పాతిపెట్టినా పరవాలేదు, దాని మీద మాత్రం ఒక్క ఇసక రేణువు పడనివ్వను!"

కిటికీల్లోంచి పిల్లలంతా చప్పట్లు కొట్టారు. కాపలాదారు అవి తనకేననుకుని నడుం బెల్టు సర్దుకున్నాడు.

తెరలమ్మ నిచ్చెనెక్కి తెర తగిలించింది. తాడు లాగితే వెల్వెట్ చప్పుడు లేకుండా విచ్చుకుంది, చప్పుడు లేకుండా మూసుకుంది. హెడ్ మేడమ్ ముచ్చటపడింది. "తెర భేషుగ్గా ఉందమ్మా. కాస్త పొగ వాసన వస్తోంది గానీ, అదే పోతుంది. పక్క తెరలు కూడా మీరే కుట్టండి." అంతలోనే కిటికీలోంచి ఇసక కప్పుకున్న దొరసానిని చూసి, "కానీ... వాటిని దేన్లో తెస్తారు?" అంది.

తెరలమ్మ నిచ్చెన మడిచి చంకన పెట్టుకుంది.

పొగ కక్కుకుంటూనే దొరసాని మెకానిక్ షెడ్డుకి చేరింది. తూకం సారు ఫోన్ చేస్తే అల్లుడు షాపు మూసి పరిగెత్తుకొచ్చాడు, కూతురు ల్యాబు కోటుతోనే వచ్చేసింది. మెకానిక్ ఇసక ఊడ్చి, స్క్రూడ్రైవర్ ఆనించి కళ్ళు మూసుకున్నాడు. అందరూ ఊపిరి బిగబట్టారు.

"రింగులు పోయాయి" అన్నాడు కళ్ళు తెరవకుండానే. "నా చెవి అబద్ధం చెప్పదు. ఆయిల్ తాగి తాగి పొగ వదుల్తోంది. ఇక అమ్మేసుకోవడమే అక్కా."

తెరలమ్మ దొరసాని తలుపుకి చేరబడింది. కూతురు తల్లి వైపు చూడలేక షెడ్డు కప్పు వైపు చూసింది.

"ఎంత తాగిందో అదీ చూద్దాం" అంటూ మెకానిక్ పుల్ల లాగాడు. లాగి, అలాగే నిలబడిపోయాడు. తుడిచి మళ్ళీ ముంచి తీశాడు. కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ ముంచాడు. తడి పై గీత దగ్గర ఆగలేదు. గీత దాటి, బెత్తెడు పైకి పాకింది.

"అక్కా, ఇన్నేళ్ళ సర్వీసులో ఆయిల్ తాగే ఇంజిన్లు చూశాను. ఆయిల్ ఈనే ఇంజిన్‌ని ఇదే చూడటం. ఇది కారు కాదు, గానుగ!"

"అంటే తగ్గలేదన్నమాటే కదా?" అన్నాడు తూకం సారు గబుక్కున. "ఒప్పందం తగ్గితే అమ్మాలని. పెరిగితే ఏం చెయ్యాలో ఎవరూ అనుకోలేదు."

"నీళ్ళు కలిశాయేమో?" అన్నాడు అల్లుడు ఎటో చూస్తూ.

మెకానిక్ ఆయిల్‌ని వేళ్ళ మధ్య రాసి వాసన చూశాడు. "నీళ్ళు కలిస్తే పాలలా తెల్లబడాలి. ఇది మంచి ఆయిలే. ఒక రకం కాదు, మూడు నాలుగు రకాలు కలిశాయి. పీకల దాకా పోస్తే ఇంజిన్ ఏం చేస్తుంది, పొగై కక్కింది పాపం!" అని వంగి లోపల తడిమాడు. బ్యాటరీ పక్క సందులోంచి ఓ గుడ్డముక్క లాగాడు. రేడియేటర్ పక్కనించి ఇంకోటి. లైటు వెనకనించి ఇంకోటి. గాలి గొట్టం కిందనించి మరోటి. "ఇదేంటక్కా, బానెట్ కింద బట్టలకొట్టు పెట్టారా? అంటుకుంటే కొంపలు మునిగేవి!"

గుడ్డముక్కలు వరసగా బల్ల మీద పడ్డాయి. మెకానిక్ చెవికి అందనిది తెరలమ్మ కంటికి అందింది. తన కత్తెర కింద రాలి, మిషను పక్క గంపలో చేరే ముక్కల్ని ఆవిడ వెయ్యింట్లో ఉన్నా గుర్తుపడుతుంది.

మొదటిది అస్తరు గుడ్డ. నాలుగు మడతలు, మూలకి మూల సరిగ్గా కలిసింది. చవక రకం తప్ప ముట్టుకోని చెయ్యి, కొలవకుండా మడవని చెయ్యి, ఇంట్లో ఒక్కటే ఉంది.

"ఏమండీ" అంది తెరలమ్మ.

తూకం సారు తన చెప్పుల వైపు చూసుకున్నాడు. "టైర్లు చూడబోయి పుల్ల కూడా చూశానోయ్. కిందికి దిగినట్టనిపించింది. నువ్వు మిషను ముందు కూర్చుని కుట్టకుండా వెల్వెట్‌ని నిమురుతుంటే చూడలేకపోయాను. ఎందుకైనా మంచిదని ఓ చుక్క... చుక్కంటే చుక్కే, దగ్గుమందు గ్లాసుతో కొలిచి మరీ పోశాను."

"ఎన్ని గ్లాసులు?"

"అది కొలవలేదు."

రెండోది బంగారు జరీ మెరుపుల ముక్క. గంపలో అంతకంటే తళుకైనది లేదు. తెరలమ్మ అల్లుడి వైపు తిరిగింది.

"అత్తయ్యా, నేను అందరిలా మామూలుది పొయ్యలేదు! విమానాల్లో వాడతారట, ఆ రకం తెప్పించి పోశాను. రెండుసార్లు. అప్‌గ్రేడ్ అవుతుంది కదా అని... ఎందుకైనా మంచిదని."

"అమ్మమని పట్టుబట్టింది మీ ఆవిడ కదా, నాయనా? మీరు ఇలా చేస్తే అది ఊరుకుంటుందా?"

"అందుకే కదా అత్తయ్యా చాటుగా పోశాను!"

కూతురు మొగుడి వైపు ఓ చూపు చూసింది గానీ, ఆ చూపులో ఉండాల్సినంత పదును లేదు.

మూడోది ఆకుపచ్చ ముక్క, కొసకి ముడి. గుండుసూదులు తుడుచుకునేందుకు అలా ముడేసేది తెరలమ్మే. "ఇది నాదే" అని ఆవిడే ఒప్పేసుకుంది. మెకానిక్ తల పట్టుకున్నాడు.

"అందరూ ఎప్పుడు చూశారు పుల్ల? కారు ఆపగానేనా?"

"మరి? ఎవరైనా వచ్చేలోపు చూడొద్దూ!" అన్నారు ముగ్గురూ ఒక్కసారే.

"అయ్యో రామా! అప్పుడు ఆయిలంతా పైన ఇంజిన్లో తిరుగుతూ ఉంటుంది. కిందికి దిగితేగా పుల్లకి అంటేది! చల్లారాక చూడాలి. దొంగతనంగా చూస్తే దొంగ లెక్కే వస్తుంది."

నాలుగో ముక్క బల్ల కొసన ఉంది. వెలిసిన నీలం బట్ట, దాని మీద చిన్న చిన్న తెల్ల చుక్కలు. అది గంపలోది కాదు. కూతురు చిన్నప్పుడు చీకటికి భయపడితే, నిద్రపోయే గదికి కుట్టిన తెర అది. పెళ్ళయి వెళ్తూ చుట్టబెట్టి పట్టుకుపోయింది. తెరలమ్మ దాన్ని చూసింది, తల ఎత్తి కూతుర్ని చూసింది. కూతురు గోళ్ళు చూసుకుంటోంది. తెరలమ్మ ఆ ముక్కని మడిచి, మెల్లిగా చేతిసంచీలో వేసుకుంది. మెకానిక్ "మరి ఆ నాలుగోది?" అనబోతే, "అదేదో పాత మసిగుడ్డలే తమ్ముడూ" అని తుంచేసింది.

కూతురు గొంతు సవరించుకుని తీర్పు చెప్పింది. "శాంపిల్ కల్తీ అయింది. ఈ పరీక్ష చెల్లదు. అంతా తీసేసి, కొత్త ఆయిల్ పోసి, మళ్ళీ మొదట్నించీ చెయ్యాలి."

మెకానిక్ ఆయిలంతా దించి, పై గీత దాకా మళ్ళీ పోశాడు. ఈసారి ఒకరి మీద ఒకరికి నమ్మకం లేదు, ఎవరికీ తమ మీద తమకీ లేదు. తూకం సారు ఇంటికెళ్ళి, బీరువా అడుగునించి పాత సీలు పటకారు తెచ్చాడు. ఆయిల్ పోసే మూతకీ పక్క కమ్మీకీ కలిపి తీగ చుట్టి, సీసం బిళ్ళ పెట్టి కసుక్కున నొక్కాడు. రిటైరయ్యాక అంత నిటారుగా ఆయన నిలబడటం ఎవరూ చూడలేదు. "ఇక దీన్ని ముట్టుకున్నవాళ్ళు నేరస్తులు. నాతో సహా" అన్నాడు.

ఆ సీలుతో దొరసాని ఇంకో నెల తిరిగింది. పొగ లేదు, వాసన లేదు. టైర్ల గాలి మీద ఎవరికీ శ్రద్ధ లేదు, స్క్రీనుకి అప్‌డేట్లు రాలేదు. తెరలమ్మ పక్క తెరలు కుడుతూ, వీటిని తీసుకెళ్ళేది నువ్వేనా కాదా అని కిటికీలోంచి దొరసానిని మౌనంగా అడుగుతుండేది. రాత్రి నిద్రలో కూడా బుడగ్‌ బుడగ్‌మని ఆయిల్ పోస్తున్న చప్పుడు వినిపించి లేచి కూర్చునేది. లేచి చూస్తే తూకం సారు కూడా లేచే ఉండేవాడు. ఇద్దరూ ఒకరినొకరు కాపలా కాసుకుని మళ్ళీ పడుకునేవాళ్ళు.

గడువు ముగిసిన పొద్దున, రాత్రంతా చల్లారిన దొరసాని చుట్టూ అందరూ చేరారు. మెకానిక్ వాళ్ళ ఇంటికే వచ్చాడు. తూకం సారు ముందు సీలు పరీక్షించి, చెక్కుచెదరలేదని ప్రకటించాడు. మెకానిక్ పుల్ల తుడిచి, ముంచి, తీశాడు.

తడి పై గీతకి కాస్త కింద ఉంది. ఎంతో కాదు, గోరంత.

"దిగింది" అన్నాడు తూకం సారు. అబద్ధం ఆడాలని ఆయన నోరు ఒక్క క్షణం తెరుచుకుంది గానీ, చేతిలో ఉన్న సీలు పటకారు ఆడనివ్వలేదు.

తెరలమ్మ కొంగు ముడి విప్పి తాళంచెవి తీసింది. "మిషను మీద చెయ్యేసి చెప్పాను. మాటంటే మాటే. తీసుకో అమ్మాయ్, ఎవరికి అమ్ముతావో అమ్ము. కడ్డీల్లాంటివి మోసుకెళ్ళే పనున్నవాళ్ళకి ఇయ్యి."

కూతురు తాళంచెవి అందుకోలేదు. పుల్ల అందుకుని, ల్యాబులో సీసాని పట్టుకున్నట్టు ఎండకి ఎత్తి పట్టుకుంది. చాలాసేపు చూసింది.

"తుడిచి చూడు, సరిగ్గా కనిపిస్తుంది" అని తెరలమ్మ చేతిసంచీలోంచి ఓ గుడ్డ తీసి ఇచ్చింది. ఉతికి ఇస్త్రీ చేసిన నీలం గుడ్డ, తెల్ల చుక్కలది.

కూతురు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి.

"ఎంత పోశావే?" అంది తెరలమ్మ కూతురికి మాత్రమే వినిపించేలా.

"సిరంజితో పోశానమ్మా. ఒక్క చుక్క కింద పడలేదు." పుల్ల వైపే చూస్తూ గొణిగింది. "అమ్మమన్నది నువ్వు వంతెన మీద ఒక్కదానివే నిలబడతావన్న భయంతో. అన్నాక, నువ్వు కారు లేకుండా ఇంట్లో కూర్చుంటే ఎలా ఉంటావో తలుచుకుంటే ఇంకా భయమేసింది. ఎందుకైనా మంచిదని..."

అని, గిరుక్కున మెకానిక్ వైపు తిరిగింది. "మీరొకటి చెప్పండి. ఈ వయసు కారు ఎంత తాగితే మామూలు కింద లెక్క?"

"ఇంతా? ఈ గోరంతా? ఇది మామూలే కదమ్మా! కొత్త కార్లు కూడా ఈ మాత్రం తాగుతాయి. అప్పుడప్పుడు చూసి పోసుకుంటే ఇంకా ఎన్నేళ్ళయినా నడుస్తుంది. రింగులు గట్టిగా ఉన్నాయని నేను మొదటే అనుకున్నా."

"రింగులు పోయాయన్నారు!"

"అది చెవి చెప్పింది. ఇది నేను చెబుతున్నా."

"మరి గోరంత తగ్గడం మామూలేనని ఆ రోజే చెప్పొచ్చుగా?"

"మీరడిగితేగా! తగ్గితే ఏంటని అడిగారు గానీ, ఎంత తగ్గితే ఏంటని ఎవరడిగారు?"

కూతురు తల్లి వైపు తిరిగింది. "ప్రతి రిపోర్టులోనూ పక్కన రాసి ఉంటుందమ్మా, ఎంత నుంచి ఎంత దాకా మామూలో. అది చూడకుండా నీతో చెయ్యేయించుకున్నాను. తప్పు నాది. నాన్న షుగర్ కూడా గోరంత ఎక్కువే ఉంటుంది. ఆయన్నేం అమ్మేశామా?"

"నన్నెవరు కొంటార్లే" అన్నాడు తూకం సారు.

తాళంచెవి తెరలమ్మ గుప్పిట్లోనే ఉండిపోయింది. ఆవిడ కళ్ళొత్తుకుని, అల్లుడి వైపు తిరిగింది. "అల్లుడుగారూ, మీరొక్క అప్‌గ్రేడ్ చేసిపెట్టాలి."

అల్లుడి మొహం వెలిగింది. "చెప్పండత్తయ్యా! కొత్త స్క్రీనా? డిక్కీ దానంతటదే తెరుచుకునేదా?"

"మీ దీపాలన్నీ పీకెయ్యండి. ఇకమీద ఈ కార్లో ఏ దీపం వెలిగినా అది దొరసాని చెప్పే మాటే అయ్యుండాలి. ఆ గొంతుని మాత్రం ఉండనివ్వండి. మీ మామగారు నిద్రపోతే నాకు మాట్లాడేందుకు మనిషి కావాలి."

కూతురు నీలం గుడ్డతో పుల్ల తుడిచి లోపల పెట్టింది. గుడ్డ మడిచి డ్రైవర్ తలుపు జేబులో ఉంచింది. పక్క తెరలు డిక్కీలో చేరాయి, కడ్డీలు కాళ్ళు చాపుకున్నాయి. తెరలమ్మ సెల్ఫ్ కొట్టింది. దొరసాని దగ్గింది. మళ్ళీ కొట్టింది, మూలిగింది. మళ్ళీ బతిమాలితే లేచింది.

అంతలో తూకం సారు ఇంట్లోంచి గబగబా వస్తున్నాడు. చంకలో ఆయిల్ సీసా.

"అదెందుకండీ?" అంది తెరలమ్మ.

"ఏం లేదోయ్. డిక్కీలో ఓ మూల పడి ఉంటుందని. ఎందుకైనా..."

కూతురూ, అల్లుడూ, మెకానిక్కూ ఒక్కసారే ఆయన వైపు తిరిగారు. తూకం సారు వచ్చినంత గబగబా వెనక్కి వెళ్ళి, సీసాని బీరువాలో పెట్టి, చేతికందిన సీలు పటకారుతో బీరువా గడియకి కూడా ఓ సీసం బిళ్ళ నొక్కేసి వచ్చాడు.